పీఏ కోర్సు దరఖాస్తు: రెండు జీఆర్ఈ స్కోర్లలో ఏది పంపాలి?

మూడేళ్ల కిందట ఎంఎస్ కోసం హైదరాబాదులో రాసిన జీఆర్ఈలో 308, పోయిన నెల డల్లాస్‌లో రాసినప్పుడు 305 వచ్చాయని, ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్లతో కలిసి రోగులను పరీక్షించి చికిత్స చేసే వృత్తి) కోర్సుకు వీటిలో ఏది చూపాలని, కమ్యూనిటీ కాలేజీలో అనాటమీకి వచ్చిన సీ గ్రేడు కూడా చెప్పక తప్పదా అని మీరు అడిగారు. గుంటూరులో బీఫార్మసీ, ఇక్కడ అమెరికాలో ఎంఎస్ చేసి, 2019లో ఈ కోర్సుకు దరఖాస్తు పెట్టిన నాకూ దాదాపు ఇదే ఇబ్బంది ఎదురైంది. ఇప్పుడు పీఏగా పనిచేస్తున్నాను.

ముందు గ్రేడు సంగతి: అది చెప్పి తీరాలి. చాలా పీఏ కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే కాస్పా నియమం ప్రకారం, మీరు ఒక్క కోర్సు చదివిన కాలేజీ అయినా సరే దాని ట్రాన్స్‌క్రిప్ట్ (కోర్సులు, గ్రేడుల అధికారిక పత్రం) ఇవ్వాలి. తప్పిన కోర్సులు, మధ్యలో వదిలేసినవి, మళ్లీ చదివినవి అన్నీ అందులో ఉండాలి. మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా పాతది చెరిగిపోదు, కాస్పా లెక్కగట్టే జీపీఏలో రెండూ కలుస్తాయి. నాకు అనాటమీలో మొదట సీ, రెండోసారి ఏ వచ్చాయి. "ఆ కాలేజీ పేరు రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని తెలిసినవారొకరు సలహా ఇచ్చినప్పుడు రెండు రోజులు నిజంగానే ఊగిసలాడాను. చివరకు రాశాను. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగారు. రాత్రి ఉద్యోగం చేస్తూ చదివిన రోజులవని, రెండోసారి ఉద్యోగం వేళలు మార్చుకుని చదివానని చెప్పాను, అంతటితో ఆ ప్రశ్న ముగిసింది. వైద్యవృత్తిలోకి అడుగుపెట్టేటప్పుడు సంతకం చేసి ఇచ్చే మొదటి పత్రంలోనే ఒక కాలేజీని దాచడం ఎంత ప్రమాదమో దయచేసి తేలికగా తీసుకోకండి.

జీఆర్ఈ విషయం వేరు, ఎందుకంటే అక్కడ ఎంచుకునే వీలును పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థే ఇస్తుంది. స్కోర్ సెలెక్ట్ అనే ఆ పద్ధతిలో, ఐదేళ్లలోపు రాసిన పరీక్షల్లో మీరు ఎంచుకున్న తేదీల స్కోర్లు మాత్రమే కాలేజీకి వెళ్తాయి, మిగతావి ఉన్నట్టు కూడా ఆ నివేదికలో కనబడదు. అయితే ఒక తేదీ వెర్బల్‌ను (భాష విభాగం) మరో తేదీ క్వాంట్‌తో (గణిత విభాగం) కలిపి పంపలేరు. పంపితే ఆ రోజు స్కోరంతా వెళ్తుంది.

నాకు మొదటిసారి వెర్బల్ 146, క్వాంట్ 163, రైటింగ్ 3 వచ్చాయి; రెండోసారి 152, 158, 4. మొత్తం చూస్తే 309, 310, అంటే తేడా లేనట్టే. మొత్తాన్ని పక్కనపెట్టి విడివిడిగా చూస్తేనే నాకు దారి కనిపించింది. రోగి చెప్పింది విని సరిగ్గా రాసిపెట్టడం మా రోజువారీ పని కాబట్టి, వెర్బల్, రైటింగ్ మెరుగుపడిన రెండో స్కోరునే ఎక్కువ చోట్ల పంపాను. వేర్వేరు తేదీల్లోంచి ఒక్కో విభాగంలో ఎక్కువ వచ్చినదాన్ని తీసుకుంటామని రాసిన రెండు కాలేజీలకు మాత్రం రెండూ పంపాను, అక్కడ పాత క్వాంట్ నాకు ఉపయోగపడుతుంది. జీఆర్ఈ అడగనివీ మూడు ఉన్నాయి, వాటికి ఏదీ పంపలేదు. మీరు విడి మార్కులు రాయలేదు. ఆ 308లో బలమంతా క్వాంట్‌దే అయి, 305లో వెర్బల్ బాగా పెరిగి ఉంటే, నేనైతే 305నే పంపుతాను.

ఒక హద్దు మాత్రం ఉంది. ఏ కాలేజీ అయినా తన అదనపు దరఖాస్తులో "ఎన్నిసార్లు రాశారు, అన్నీ పేర్కొనండి" అని నేరుగా అడిగితే అన్నీ రాయాలి. స్కోర్ సెలెక్ట్ ఉంది కదా అని అక్కడ సగం జవాబు ఇవ్వకూడదు. జీఆర్ఈకి బదులు మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ తీసుకునే కాలేజీలూ ఉన్నాయి కానీ, అందులో ఈ ఎంపిక లేదు. కొన్ని సందర్భాలిచ్చి మీరైతే ఏం చేస్తారని అడిగే కాస్పర్ అనే పరీక్ష (కాస్పాతో పొరబడకండి) ఒక ప్రవేశ సంవత్సరానికి ఒక్కసారే రాయనిస్తారు, కనుక అక్కడ ఎంచుకోవడానికి రెండో స్కోరే ఉండదు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను. అధికారిక స్కోరును ఒక విశ్వవిద్యాలయం మామూలు కోడ్‌కు (స్కోరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే సంఖ్య) పంపాను, కాస్పా కోసం పీఏ ప్రోగ్రాములకు వేరే కోడ్‌లు ఉంటాయని గమనించలేదు. తెలిసేసరికి గడువు దాటింది, ఆ ఒక్క దరఖాస్తు పోయింది. డల్లాస్‌లో పరీక్ష అయిన వెంటనే ఉచితంగా నాలుగు చోట్లకు పంపే అవకాశం మీకు ఇచ్చి ఉంటారు. అప్పుడు మీరు ఏవైనా కాలేజీలను ఎంచుకుని ఉంటే, తాజా స్కోరు మాత్రమే అన్నారా, అన్నీ అన్నారా, ఏ కోడ్ ఇచ్చారు అన్నది ఈటీఎస్ ఖాతాలో ముందు చూసుకోండి. ఒకసారి పంపినదాన్ని వెనక్కి తీసుకోలేరు కాబట్టి, ఆ కాలేజీల విషయంలో నిర్ణయం ఇప్పటికే జరిగిపోయి ఉండవచ్చు.