ఆట మానిన భర్త, మాట మానిన ఇల్లు

అమ్మా, మీ ఉత్తరం అందింది. ఎన్నో ఏళ్లు కోల్‌కతా, గోవా ఫుట్‌బాల్ క్లబ్బుల్లో గోల్స్ కొట్టే స్ట్రైకర్‌గా ఆడిన మీ వారు మోకాలి గాయంతో నిరుడు గుంటూరు తిరిగి వచ్చారని, బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పిల్లలకు నేర్పమని స్నేహితులు అడిగితే కసురుకున్నారని, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని మనిషి ఎనిమిదేళ్ల బాబు బంతి తప్పితే మాత్రం పదిమందిలో కేకలు వేస్తున్నారని రాశారు. ఆయనను కోచింగ్‌కు ఎలా ఒప్పించాలని అడిగారు.

ముందు ఆ ఒప్పించే ప్రయత్నాన్ని కొన్నాళ్లు ఆపండి. తొంభై నిమిషాల ఆటలో స్ట్రైకర్ కాలికి బంతి దొరికేది కొద్దిసేపే. ఆ కాసేపట్లో గోల్ పడితే అందరూ భుజాన ఎత్తుకుంటారు, నాలుగు మ్యాచ్‌లు పడకపోతే బెంచీ మీద కూర్చోబెడతారు. చిన్న వయసు నుంచి తన విలువను గోల్స్‌తోనే లెక్కపెట్టుకున్న మనిషికి ఆ లెక్క ఒక్కసారిగా ఆగిపోతే కలిగేది దుఃఖం. మీ అత్తమామలు అనుకుంటున్నట్లు అది సోమరితనం కాదు. ఆ దుఃఖం తీరకముందే కోచింగ్‌ను ఓదార్పుగా చేతిలో పెడితే, తన ఆట ముగిసిందని ఇంట్లోవాళ్లే తీర్పు చెప్పినట్లు ఆయనకు తోస్తుంది.

కోచింగ్ తక్కువ పని కాదని మీరు కూడా మనస్ఫూర్తిగా నమ్మాలి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన జట్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు ఉపాధ్యాయుడు. అదే నగరానికి చెందిన షబ్బీర్ అలీ మీ వారిలాగే స్ట్రైకర్. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన టైటిల్ పంచుకున్న భారత జట్టుకు సారథ్యం వహించిన ఆయన, 1998-99లో కోచ్‌గా గోవా క్లబ్బు సాల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ విజేతగా నిలిపారు. ఇవన్నీ మీ వారికి నాకన్నా బాగా తెలుసు కాబట్టి ఆయన ముందు ఏకరువు పెట్టవద్దు.

ఆయన పైకి చెప్పుకోలేని భయం ఒకటి ఉందని నాకు అనిపిస్తోంది. గోల్ ముందు ఎప్పుడు ఎటు కదలాలో ఆయన కాళ్లకు తెలుసు గానీ, దానిని పదేళ్ల పిల్లవాడికి విడమరచి చెప్పడం వేరే విద్య. కోచ్‌లకిచ్చే డి లైసెన్సుతో మొదలై సి, బి, ఎ దాటి ప్రో వరకు సాగే ఆ చదువులో పేరున్న ఆటగాడు కూడా మళ్లీ విద్యార్థిగా కూర్చోవలసిందే. అందువల్ల జట్టు బాధ్యత మాట ఎత్తకుండా, వారానికి రెండు సాయంత్రాలు మరో కోచ్ పక్కన నిలబడి ముందు వరుసలో ఆడే ఫార్వర్డ్‌లకు ఫినిషింగ్, అంటే బంతిని గోల్‌లోకి కొట్టే నేర్పు, మాత్రం చూపమని ఆయనతో ఆడిన పాత మిత్రుడొకరి చేత అడిగించండి. మీరు అడగడం వేరు, తోటి ఆటగాడు అడగడం వేరు. ఒకవేళ వద్దంటే అంతటితో వదిలేయండి. ఇంటి ఖర్చులు, మిగిలిన పొదుపు గురించి మీరిద్దరే విడిగా కూర్చుని లెక్క చూసుకోండి. అందులోకి కోచింగ్‌ను గానీ, అత్తమామలు చెబుతున్న వ్యాపారాన్ని గానీ లాగవద్దు.

ఆయనకు నిద్ర, ఆకలి తగ్గినా, బతుకు మీద విరక్తి మాటలు వినిపించినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

బాబు విషయంలో మాత్రం ఈ వారమే మాట్లాడండి. బాబు ఆట మరొకరి దగ్గర నేర్చుకుంటాడని, గ్రౌండ్ గీత అవతల ఆయన తండ్రిగా మాత్రమే నిలబడాలని, కేకలు వేసిన రోజు బాబును మీరు ఇంటికి తీసుకువచ్చేస్తారని, వాడు లేనప్పుడు, గొంతు పెంచకుండా, స్పష్టంగా చెప్పండి.