ముందు కప్పు, తర్వాతే రంగు

పాత ఇళ్లు, పాత హాళ్లు, పాత సామాన్ల గురించి పాఠకులు అడిగే శీర్షిక ఇది. జవాబులు రాసే నేను సివిల్ ఇంజినీరుగా రిటైరయ్యాను. చెన్నై పురసవాక్కంలో ఒక చిన్న నాటకాల హాలును చూసుకుంటున్న వాలంటీర్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, ఈ నెల ఉత్తరాలన్నీ హాళ్ల మీదే వచ్చాయి.

ప్రశ్న: మేడమ్, మాది జార్జ్‌టౌన్. మన తెలుగువాళ్లు చందాలేసుకుని కట్టించిన పాత హాలు ఒకటి మా వీధిలో ఉంది. ఒకప్పుడు నాటకాలు, హరికథలు, ఉగాదికి కవి సమ్మేళనాలు జరిగేవట. చాలా ఏళ్లుగా తాళమే. ట్రస్టులో మిగిలిన పెద్దవాళ్లు ఇద్దరూ "మీరు చూసుకుంటామంటే అంతకంటేనా" అన్నారు. మేం కొందరం కలిశాం. ఒకాయన రంగులకని లక్ష రూపాయలు ఇస్తానన్నారు. దీపావళికల్లా రంగులేసి తెరిచేయాలని మావాళ్ల తొందర. మొదలుపెట్టమంటారా?

జవాబు: లక్ష పుచ్చుకోండి. రంగు మాత్రం వద్దు.

మీరు పంపిన ఫొటోల్లో వేదిక పైనున్న కప్పుకి గోధుమరంగు మరక ఒకటి ఉంది. ఎడమ గోడ అడుగున పూత ఉబ్బి పెచ్చులు రాలుతోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. రంగు వేస్తే రెండూ కొన్నాళ్లు కనబడకుండా పోతాయి. అదే నా భయం.

పైనుంచి మొదలుపెడదాం. మీది మద్రాసు టెర్రస్. దగ్గరదగ్గరగా కర్ర వాసాలు, వాటి మీద అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేర్చి సున్నంతో అతికించిన పలచటి ఇటుకలు, దాని మీద సున్నం కలిపిన ఇటుకముక్కల కాంక్రీటు, అన్నిటికీ పైన పలకపెంకులు. మన పాత మద్రాసులో చాలా మిద్దెలు ఇలాంటివే. పెంకుల మధ్య సందులు ఊడినా, వాననీటి తూములో ఆకులు అడ్డం పడినా నీళ్లు నిలబడతాయి. నిలబడ్డ నీళ్లు గోడ వారగా దిగి వాసం మొన దగ్గరికి చేరతాయి. వాసం నడిమధ్య గట్టిగానే కనబడుతుంది, పుచ్చేది గోడలోకి దూరిన మొన. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడమనండి. దిగకపోతే సంతోషం. పిండిలా రాలితే మాత్రం ఆ వాసం కింద ఎవర్నీ నిలబడనివ్వకండి. ముందు ఇనప జాకీలు ఆనించి, ఆ తర్వాత పాత కట్టడాల పని తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

ఇక్కడ మన వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా కొడతాయి. అంటే మీవాళ్లు రంగులేస్తామంటున్నది సరిగ్గా గోడలు నీళ్లు తాగే రోజుల్లో. ఈలోపు చేయదగ్గ పని ఒకటుంది. మేడెక్కి తూములు శుభ్రం చేయండి, మొలిచిన రావి మొక్కల్ని చూడండి. మొక్కను పైకి కోసి ఊరుకుంటే రెట్టింపు బలంగా వస్తుంది. వేరు ఎంతవరకు పోయిందో చూసి, కట్టడం కదలకుండా అక్కడి సున్నం తవ్వి వేరంతా తీయించాలి. ఈ పనికి లక్ష అక్కర్లేదు, ఒక ఆదివారం, నలుగురు మనుషులు చాలు. కాకపోతే తూము బాగుచేయించినందుకు ఎవరి పేరూ పాలరాతి మీద చెక్కరు కదా, అందుకని తూముకి దాతలు దొరకరు.

ఇక గోడ సంగతి. పాత ఇటుకగోడ నేలలోని తడిని పీలుస్తుంది. మీదున్నది సున్నం పూత అయితే ఆ తడి ఆవిరైపోతుంది. ఎవరో పుణ్యాత్ములు మీ గోడ అడుగున సిమెంటు పూయించారు. తడి బయటికి రాలేక లోపలే ఉండిపోయి, దాంతో వచ్చిన ఉప్పు ఇటుక పైపొరను పొడిపొడి చేస్తోంది. సముద్రం పక్కనే ఉన్న పేట మరి, ఉప్పుకు కొదవా? మా హాల్లోనూ ఇదే కథ. మాకంటే ముందు చూసుకున్నవాళ్లు సిమెంటు పూయించి, దాని మీద కడిగితే పోయే రకం ప్లాస్టిక్ పెయింటు వేయించారు. అదంతా గీకించి, గోడను కొన్ని నెలలు ఖాళీగా ఆరనిచ్చి, మళ్లీ సున్నమే పూయించాం. ఆ నెలల్లో వచ్చినవాళ్లంతా "ఇంకా అసహ్యంగా చేశారేమిటి ఆంటీ" అన్నవాళ్లే.

సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువే గానీ లేకపోలేదు. కొత్తగా వచ్చే మేస్త్రీని ఒక్క ప్రశ్న అడగండి: "సున్నాన్ని ఎన్నాళ్లు నానబెడతావు?" వారాల లెక్కలో జవాబు చెప్పి, గానుగ, కరక్కాయ, బెల్లం నీళ్ల మాట తనే ఎత్తితే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. "ఎందుకమ్మా, కొంచెం సిమెంటు కలిపేస్తే పోలా" అంటే కాఫీ అయ్యాక పంపించేయండి.

ఇప్పుడు మీరు అడగనిది చెబుతాను, కోప్పడకండి. ఆ ఇద్దరు పెద్దవాళ్ల నోటిమాట మీద ఒక్క మేకు కూడా కొట్టొద్దు. ముందు స్థలం ఎవరి పేరున ఉందో చూడండి. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. ట్రస్టు దస్తావేజు నకలు రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. సొంత స్థలమా, లీజా? లీజయితే గడువెప్పుడు? ఆ తర్వాత ట్రస్టుకూ మీ బృందానికీ మధ్య ఒక కాగితం రాసుకోండి. తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, మరమ్మతుకు ఎవరి అనుమతి కావాలి, అద్దె వస్తే ఏ ఖాతాలో పడుతుంది, నిచ్చెన మీంచి ఎవరైనా పడితే బాధ్యత ఎవరిది. ఈ చివరిది రాయడానికి అందరికీ మొహమాటం. రాయండి. మీ బృందాన్ని సంఘంగా రిజిస్టర్ చేయాలంటే 1975 నాటి తమిళనాడు సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. మీరు అంతకంటే ఎక్కువే ఉన్నట్టున్నారు.

ఆ లక్ష ఇచ్చే ఆయన విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు (80జీ రసీదని పిలిచేది) అడగొచ్చు. ఆ రిజిస్ట్రేషన్ మీకు గానీ ట్రస్టుకు గానీ ఉంటేనే ఇవ్వగలరు. రెండు వేలు దాటిన విరాళం నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు, కాబట్టి చెక్కే తీసుకోండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఎలాగూ ఈ మినహాయింపు లేదు. ఆ సంగతి ముందే చెబితే మాట పట్టింపులుండవు.

రంగు లేకుండా హాలు తెరవడం ఎలా అంటారా? పైకప్పు భయం లేదని ఇంజినీరు చెప్పిన రోజునే తెరవండి, పెచ్చులూడిన గోడలతోనే. నెలకొక సాయంత్రం ఏదో ఒకటి పెట్టండి. ఒక హరికథో, పిల్లల పద్యాల పోటీయో. తలుపులు తెరిస్తే గాలి ఆడుతుంది, గబ్బిలాలు పోతాయి, చెదలు ఎక్కడ పట్టిందో కనబడుతుంది. అంతకంటే ముఖ్యం, వీధిలోవాళ్లు దాన్ని ఖాళీ స్థలంగా లెక్కేయడం మానేస్తారు. తాళం వేసిన హాలు బిల్డర్ల కంటికి ఫ్లాట్లలాగే కనబడుతుంది.

ప్రశ్న: సెంట్రల్ స్టేషన్ పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలుకీ మన తెలుగువాళ్లకీ సంబంధం ఉందని మా తాతగారు అనేవారు. ఊరికే గొప్పలా? (రోజూ ఆ దారినే వెళ్లే ఓ ఉద్యోగి, పెరంబూర్)

జవాబు: గొప్పలు కావు, మీ తాతగారు తక్కువే చెప్పారు. ఆ హాలుకు 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు. నమూనా గీసింది చిషోమ్ దొర, కట్టింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. హైకోర్టు కట్టిన కాంట్రాక్టరూ ఆయనే. ఇంటిపేరు చూశారుగా.

అసలు కథ ఆ తర్వాతది. 1891లో బళ్లారి నుంచి సరస వినోదిని సభవాళ్లు మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడారు. ఆ సభకు పెద్ద ధర్మవరం రామకృష్ణమాచార్యులు, వృత్తికి వకీలు. చదువుకున్న పెద్దమనుషులు నాటకం ఆడడమేమిటని నగరమంతా ముక్కున వేలేసుకునే కాలం అది. ప్రేక్షకుల్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడున్నాడు, పమ్మళ్ సంబంధ ముదలియార్. అప్పటిదాకా అతనికి నాటకాలంటే చిన్నచూపు. బళ్లారివాళ్లను చూశాక అదే ఏడాది స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటకరంగానికి ఆద్యుల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు, ఆ సభ విక్టోరియా హాల్లోనే ఏళ్ల తరబడి నాటకాలాడింది. తమిళంలోనే కాదు, తెలుగులో కూడా.

1897లో వివేకానందుడు ఆ హాల్లో మాట్లాడాడు. మద్రాసు తొలిసారి సినిమా బొమ్మలు చూసిందీ ఆ రోజుల్లో అక్కడే. అంత చరిత్ర ఉండీ ఆ హాలు దశాబ్దాల పాటు దుమ్ము కొట్టుకుపోయింది. ఆ స్థలం 99 ఏళ్ల లీజు మీద ఇచ్చినది. గడువు తీరాక హాలు ఎవరి చేతిలో ఉండాలన్నది తగాదా అయింది. తగాదా నడిచినన్నాళ్లూ మరమ్మతు ఎవరికీ పట్టలేదు. తర్వాత కార్పొరేషన్ పని చేపట్టింది. జార్జ్‌టౌన్ పాఠకుడికి కాగితాల గురించి నేనెందుకంత సతాయించానో మీకిప్పుడు తెలిసే ఉంటుంది.

ప్రశ్న: మా మామగారి నాటక సమాజం తెరలు అటక మీద మడతపెట్టి ఉన్నాయి. ఒకదాని మీద రాజదర్బారు, ఇంకోదాని మీద అడవి. ఉతికిస్తే మెరుస్తాయా? (ఒక పాఠకురాలు, టి.నగర్)

జవాబు: అమ్మా, దయచేసి నీళ్లు తగలనివ్వకండి! పాత సీను తెరల మీద రంగు చాలావరకు జిగురునీళ్లలో కలిపి వేసిందే. ఉతికితే మీ దర్బారు బకెట్లోకి వస్తుంది.

మడతల దగ్గరే రంగు పగులుతుంది, కాబట్టి మెల్లగా విప్పి లావాటి గొట్టానికి చుట్టండి. బట్టల షాపువాళ్లు పారేసే అట్ట గొట్టాలు పనికొస్తాయి. ముందు వాటికి తెల్లటి పాత నూలుగుడ్డ చుట్టండి. బొమ్మ బయటివైపు ఉండాలి. పైన కూడా నూలుగుడ్డే కప్పండి, ప్లాస్టిక్ వద్దు, మన ఊరి ఉక్కకు లోపల బూజు పడుతుంది. దుమ్ము దులపాలంటే మెత్తటి బ్రష్, చాలా తేలికచేత్తో. చుట్టేముందు మంచి వెలుతురులో ఫొటోలు తీయించండి. మూలల్లో చిత్రకారుడి సంతకమో, ఊరి పేరో ఉంటుంది, దాన్ని విడిగా తీయించండి. తెరలతో పాటు కరపత్రాలూ, టికెట్ పుస్తకాలూ ఉంటే సెల్లోటేపు, లామినేషన్ దగ్గరికి రానివ్వొద్దు. ఆ రెండూ కాగితానికి పట్టిన శని.

ప్రశ్న: పిల్లలకు తెలుగు చదవడమే రాదు. పద్యనాటకం ఎవరు చూస్తారు? ఎవరి కోసం ఈ హాళ్లు? మీబోటివాళ్లకు పొద్దుపోవడానికి తప్ప. (అన్నానగర్ నుంచి, పేరు రాయని పాఠకుడు)

జవాబు: పొద్దుపోవడానికే అనుకోండి, తప్పేముంది. అయినా మీ ప్రశ్నలో నిజముంది. తెలుగు నాటకం ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే మా హాలు కరెంటు బిల్లు కూడా రాదు. వారంలో నాలుగు సాయంత్రాలు ఒక భరతనాట్యం టీచరు క్లాసులు నడుపుతుంది, ఆవిడ మదురై మనిషి. పక్క వీధి తమిళ కుర్రాళ్లు రిహార్సల్స్‌కు తీసుకుంటారు, అద్దె ఆలస్యంగా ఇస్తారు. వాళ్లే వాన వచ్చిన రాత్రి కుర్చీలు లోపలికి మోసింది. తెలుగువాళ్లు కట్టినది కాబట్టి తెలుగుకే తలుపు తీస్తామనే పెద్దలు కొన్ని సంఘాల్లో ఉన్నారు. వాళ్లతో నాకు పడదు. బళ్లారివాళ్లు తెలుగులో ఆడితే తమిళ కుర్రాడు సభ పెట్టిన ఊరండీ ఇది. ఇంకో మాట, చదవడం రాని పిల్లలకు వినడం వస్తుంది. పద్యం రాగం తీసి పాడుతుంటే మా మనవడు అర్థం కాకుండానే కళ్లప్పగించి కూర్చుంటాడు.

ప్రశ్న: మా సంఘం హాల్లో వేదిక చెక్కలు ఊగుతున్నాయి. అవి తీసేసి, కింద ఖాళీలో కంకర నింపి టైల్స్ వేద్దామని, పైన ఫాల్స్ సీలింగ్ కట్టి ఏసీ పెడదామని ప్రతిపాదన. మీరేమంటారు? (కొరుక్కుపేట)

జవాబు: మైకులు లేని రోజుల్లో పద్యం ఆఖరి బెంచీకి వినబడిందంటే ఆ చెక్కల కింది ఖాళీ, ఆ ఎత్తయిన కప్పు కూడా కారణమే. కంకర నింపితే అడుగుల చప్పుడు చచ్చిపోతుంది, నాట్యం చేసేవాళ్లకు మోకాళ్లు పోతాయి. ఊగే చెక్కలు మాత్రమే మార్చండి, కింది దుంగలకు చెద ఉందేమో చూడండి. ఫాల్స్ సీలింగ్ కడితే కప్పు కారేది అది కూలేదాకా మీకు తెలియదు. పైకి వేడిగాలి పోయే కిటికీలు మూసేసి ఉంటాయి, అవి తెరిపించి మంచి ఫ్యాన్లు పెట్టండి. మిగిలిన డబ్బుతో ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూమ్ ఒకటి కట్టించండి, లోపల కొక్కెం, గొళ్లెం, నీళ్లు ఉండేలా. మా హాలుకు ఆడవాళ్లు రావడం మొదలైంది అది కట్టాకే.