టెక్ సందేహాలు: 18 శాతం తీసేస్తే వెయ్యి రాదేం?

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో మాది ఫోన్ సామాన్ల షాపు. వెయ్యి రూపాయల హెడ్‌సెట్‌ను 18 శాతం జీఎస్టీ కలిపి 1,180కి అమ్ముతాం. వెనక్కి లెక్క చూద్దామని ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 1180 − 18% కొడితే 967.60 వచ్చింది. ఫోన్‌లో ఏమైనా తేడా ఉందా?
– ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: ఫోన్ భేషుగ్గా ఉందండీ. 1,180లో 18 శాతం అంటే 212.40. దాన్ని తీసేసి చూపించింది. మీరు పన్ను వేసింది మాత్రం వెయ్యి మీద, అంటే 180 రూపాయలే. మీకు తగ్గిన 32.40 ఆ పైన 180కి కూడా 18 శాతం కోసేయడం వల్ల పోయింది.

అసలు ధర తెలియదనుకుని, స్కూల్లో చేసినట్టే దానికి ఎక్స్ అని పేరు పెట్టండి.

ఎక్స్ + 18ఎక్స్/100 = 1180
118ఎక్స్/100 = 1180
ఎక్స్ = 1180 × 100 ÷ 118 = 1000

ఇంత తతంగం రోజూ అక్కర్లేదు. 1180 ÷ 1.18 కొడితే చాలు. 5 శాతం సరుకైతే 1.05తో భాగించండి. కౌంటర్ మీద పెట్టుకునే కొన్ని క్యాలిక్యులేటర్లకు ట్యాక్స్ మైనస్ మీట ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. కాకపోతే అందులో పాత రేటు అలాగే ఉండిపోయిందేమో ముందు చూసుకోండి.

అడగలేదు గానీ, బిల్లులు విండోస్ క్యాలిక్యులేటర్‌లో వేస్తుంటే ఇంకో మెలిక ఉంది. 250 రూపాయల పెన్‌డ్రైవ్ ఒకటి, 40 రూపాయల కేబుళ్లు మూడు అనుకోండి. 250 + 40 × 3 కొడితే స్టాండర్డ్ మోడ్ వరసగా చేసుకుపోయి 870 అంటుంది. సైంటిఫిక్ మోడ్ గుణకారం ముందు చేసి 370 అంటుంది. మీకు కావాల్సింది రెండోది.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. 3(ఎక్స్ − 4) = 2ఎక్స్ + 5 లెక్కకు తనకు 9 వచ్చింది, ఫోటో తీస్తే లెక్క చేసిపెట్టే ఫోటోమ్యాథ్ యాప్ 17 అంటోంది. ఏది నమ్మాలి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు యాప్ మీ లెక్కను సరిగ్గా చదివిందో లేదో చూడండమ్మా. చేతిరాతలో ఎక్స్‌ను గుణకారం గుర్తుగా పొరబడితే జవాబు ఎటో పోతుంది. సరిగ్గానే చదివి ఉంటే స్టెప్పులు తెరిచి, పాప నోట్‌బుక్ పక్కన పెట్టి ఒక్కో లైనూ పోల్చండి. నా అంచనా, తేడా మొదటి లైన్లోనే. యాప్‌లో 3ఎక్స్ − 12 ఉంటుంది, నోట్‌బుక్‌లో 3ఎక్స్ − 4 ఉంటుంది. బ్రాకెట్ బయటి 3 లోపలి 4ను కూడా గుణించాలన్నది మరిచిపోతే సరిగ్గా 9 వస్తుంది.

యాప్‌నూ గుడ్డిగా నమ్మక్కర్లేదు. 9 పెట్టి చూస్తే ఎడమవైపు 15, కుడివైపు 23. ఇక 17ను పాప చేతనే పెట్టించి చూడండి, రెండు వైపులా 39 రావాలి.