చిన్నీ, ముందు ఇరవై ఒక్క కిలోమీటర్లు

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉగాది రోజు భోజనాల దగ్గర నువ్వు ఆ మాట అనగానే మీ అమ్మ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, గమనించావో లేదో. ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ మారథాన్ పరుగెత్తుతానన్నావు, క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం రెండు లక్షలు పోగుచేస్తానన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనప్పుడేమీ అనలేదు. నలుగురిలో చెప్పేవి కావు, ఫోన్లో అయితే సగం మర్చిపోతాను. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, పూర్తి మారథాన్ నలభై రెండు కిలోమీటర్లు వద్దు తల్లీ. ఈ ఏడాదికి సగం, అంటే ఇరవై ఒకటి చాలు. నువ్వు ఇప్పటిదాకా ఆగకుండా పరుగెత్తింది ఐదు కిలోమీటర్లు. మన చేతిలో ఉన్నవి పంతొమ్మిది వారాలు. అందులో ఆరేడు వారాలు మండుటెండలే. సగమే పరుగెత్తితే డబ్బిచ్చేవాళ్ళు ఏమనుకుంటారో అన్నావట అమ్మతో. ఏమీ అనుకోరు. అయిదేళ్ళుగా ఊరందరినీ అడుగుతున్నాను, కిలోమీటర్లు లెక్కపెట్టి ఇచ్చినవాళ్ళు ఒక్కరూ తగల్లేదు. ఎవరి కోసం, డబ్బు ఎక్కడికి పోతుంది, ఈ రెండే అడుగుతారు.

నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఆ తొందర నేను పడ్డాను. మీ అమ్మకి రొమ్ములో గడ్డ అని తేలిన ఏడాది నాకు యాభై ఆరు. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడిచేదాన్ని కాస్తా పరుగు మొదలుపెట్టాను. అమ్మకి రెండో కీమో అయిన వారం, ఎనిమిది కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా పద్నాలుగుకి వెళ్ళాను. ఏడుపొచ్చినప్పుడల్లా వేగం పెంచేదాన్ని. మూడో వారానికి మోకాలి కింద, పిక్క ముందుండే ఎముక మీద ఒకచోట బొటనవేలితో నొక్కితే ప్రాణం పోయేది. అలాగే ఇంకో వారం పరుగెత్తాను. వెంట్రుకవాసి పగులు అన్నాడు డాక్టరు, ఆరు వారాలు పరుగు బంద్. ఆ ఆరు వారాల్లోనే మీ అమ్మకి మరో రెండు కీమోలు. ఆస్పత్రి మెట్ల మీద నేను తనకి చెయ్యివ్వాల్సింది పోయి తనే నాకు చెయ్యిచ్చింది. మనసులో బరువున్న మనిషి కాళ్ళని నమ్మకూడదు చిన్నీ, కాగితం మీద రాసుకున్న లెక్కనే నమ్మాలి.

ఆ లెక్క ఇదీ. మంగళ, గురువారాలు నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా. శనివారం వట్టి నడక. ఆదివారం పెద్ద పరుగు. ఆదివారాలు ఆరుతో మొదలుపెట్టి వారానికొక కిలోమీటరు పెంచు. నాలుగో వారం తప్పనిసరిగా తగ్గించు. ఆరు, ఏడు, ఎనిమిది, మళ్ళీ ఆరు. తర్వాత తొమ్మిది, పది, పదకొండు, మళ్ళీ ఎనిమిది. అలా వెళితే పోటీకి రెండు వారాల ముందు పద్ధెనిమిది దగ్గరకొస్తావు. అంతకుమించి ముందే పరుగెత్తి చూసుకోనక్కర్లేదు. పద్ధెనిమిది వెళ్ళిన కాళ్ళు ఇరవై ఒకటి వెళతాయి. ఆ చివరి రెండు వారాలూ దూరం తగ్గించి, నిద్ర పెంచు.

వేగం ఎంత ఉండాలంటే, పక్కనున్నవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రొప్పుతూ ముక్కలుముక్కలుగా మాట వస్తోందంటే ఎక్కువైందన్నమాట. మొదటి నెల నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. నడవడం నామోషీ అనుకోకు. నేను ఇప్పటికీ అలాగే పూర్తిచేస్తాను.

మన మారథాన్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. హుస్సేన్‌సాగర్ పక్కన చదునుగా ఉందని మురిసిపోతే తర్వాత ఒకదాని వెనక ఒకటి ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు. ఆగస్టు కాబట్టి ఎండ లేకపోయినా గాలిలో తేమకి బట్టలు పిండుకునేలా చెమట పడుతుంది. కాబట్టి జూన్ నుంచి పదిహేను రోజులకోసారి ఎత్తు ఉన్న దారి పట్టు. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేసుకో, దిగేటప్పుడు దూకకు. మోకాళ్ళు పాడయ్యేది దిగేటప్పుడే.

ఎండాకాలం నాలుగున్నరకల్లా రోడ్డు మీద ఉండాలి, ఆరున్నరకి ఇంట్లో ఉండాలి. ఒంటరిగా వద్దు, ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్ళు. చీకట్లో కనబడేలా లేతరంగు చొక్కా వేసుకో. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడువు. గంట దాటే పరుగుకి ఓఆర్ఎస్ కలుపుకుని వెళ్ళు, పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో, అంతకన్నా చిక్కగానో పల్చగానో వద్దు. దాహమైనప్పుడు తాగు. చెంబులకు చెంబులు వట్టినీళ్ళు పోసుకుంటే ఒంట్లో ఉప్పు పల్చబడి కళ్ళు తిరుగుతాయి, అది దాహం కన్నా ప్రమాదం. నొప్పి బిళ్ళ వేసుకుని పరుగెత్తడం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకు, కిడ్నీల మీద పడుతుంది.

బూట్లు సాయంత్రం పూట కొనుక్కో, అప్పటికి పాదాలు కాస్త వాచి ఉంటాయి. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. ఇంకో సంగతి, మొదలుపెట్టేముందు రక్తపరీక్ష చేయించుకో. మన ఇంట్లో ఆడవాళ్ళందరికీ హిమోగ్లోబిన్ తక్కువే. నీరసాన్ని బద్ధకం అనుకుని నిన్ను నువ్వు తిట్టుకుంటావు.

పరుగు సంగతి ఇంతే. రెండో పనే నాకు ఎక్కువ దిగులు.

అడగడం మనకి అలవాటు లేదు. పెళ్ళి పిలుపులకి ఇల్లిల్లూ తిరుగుతాం కానీ, డబ్బనేసరికి గొంతు పెగలదు. అందుకని అందరూ ఒకే మెసేజ్ రాసి పది వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తారు. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. నూటఅరవై మంది ఉన్న గ్రూపులో నలభై దండాలొచ్చాయి, రూపాయి రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ పేరుపెట్టి రాశాను, కొందరింటికి వెళ్ళాను. పోస్టాఫీసు కౌంటర్లో ముప్పయ్యేళ్ళు కూర్చున్నదాన్ని, మనిషి ఎదురుగా ఉంటే ఇచ్చే చెయ్యి వేరని నాకు తెలిసుండాల్సింది. రోజుకి ఇద్దరు చాలు. ముందు నీ వంతు డబ్బు నువ్వు కట్టు, తర్వాత అడుగు. అడిగేటప్పుడు నోటి వెంట ఒక అంకె రానివ్వు. "మీకు తోచింది" అంటే వాళ్ళే ఇబ్బందిపడతారు. "అయిదు వందలు ఇవ్వగలరా, ఒక కుటుంబానికి కూరగాయలకి సరిపోతుంది" అంటే మనిషికి ఆలోచించడానికి ఏదో ఉంటుంది. కాదన్నవాళ్ళని రెండోసారి అడగకు, వాళ్ళతో మామూలుగానే ఉండు.

చిన్న మొత్తాలని తక్కువ చెయ్యకు. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే అబ్బాయి ఉండేవాడు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలితో దేశాన్ని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి దాటాలని బయలుదేరి రోజుకి దాదాపు ఒక మారథాన్ దూరం పరుగెత్తాడు. అడిగింది మనిషికి ఒక్క డాలరు. మొదట్లో దారిలో చాలా ఊళ్ళు పట్టించుకోలేదు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు వెళ్ళాక ఊపిరితిత్తులకి పాకిందని తేలి ఆగిపోయాడు. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు, ఇరవై రెండేళ్ళకి. పోయేముందే, దేశ జనాభా రెండు కోట్ల నలభై లక్షలైతే పోగైన డాలర్లూ అంతకి చేరాయి. అతను అవతలి తీరం చేరలేదు, అయినా అడిగింది అందింది. నీకు ఒంట్లో బాగాలేక ఆగస్టులో పరుగు మానాల్సి వస్తే, ఇచ్చినవాళ్ళకి మోసం చేశానని కుంగిపోతావేమోనని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు అసలు మాట. మీ అమ్మ కథ రాసే ముందు అమ్మని అడుగు. జుట్టు ఊడినప్పటి ఆ ఫోటో నీ ఫోన్లో ఉందని నాకు తెలుసు. దాన్ని పెడితే డబ్బులొస్తాయి, నిజమే. కానీ మన ఇళ్ళలో ఆ జబ్బు పేరు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. తను పని చేసే చోట సగం మందికి తెలియదు. తను సరే అంటే రాయి, రాసింది ముందు తనకి చదివి వినిపించు. వద్దంటే, ఎందుకని అడక్కు. ఇంకొకటి, "క్యాన్సర్‌ని జయించింది" లాంటి మాటలు రాయకు. మీ అమ్మ పక్క మంచంలో ఉన్నావిడ మందులన్నీ వేళకి వేసుకుంది, ఒక్క పూట కూడా నిరాశగా మాట్లాడలేదు. ఆవిడ పోయింది. ఆవిడ పిల్లలు నీ మాటలు చదివితే వాళ్ళమ్మ ఓడిపోయిందనుకోవాలా?

డబ్బు దేనికో నువ్వు కళ్ళతో చూడాలి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర ఒక పొద్దున్న నిలబడు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. వైద్యానికి ఉంది, పెద్ద ఆసరా అది. కానీ ఊరి నుంచి వచ్చే బస్సుకీ, ఇక్కడ ఉండడానికీ, తిండికీ, పోయిన కూలికీ డబ్బెవరిస్తారు? అమ్మతో వెళ్ళే రోజుల్లో నా పక్క బెంచీ మీద ఒకామె కూర్చునేది, ఒళ్ళో ఆరేళ్ళ పిల్లాడు. కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై రూపాయల నోటు ఒకటి వేరుగా తీసి పిల్లాడి గుప్పిట్లో పెట్టి, మిగతావి ముడేసింది. "ఇది ఇడ్లీకి, అవి తిరుగు బస్సుకి" అంది వాడితో. తన తిండికి అందులో లెక్క లేదు. పిల్లల్లో ఎక్కువగా కనబడే రక్త క్యాన్సర్‌కి వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది. అన్నాళ్ళు ఇలా తిరగలేక మధ్యలో మానేసి వెళ్ళిపోయేవాళ్ళున్నారు, నయమయ్యే జబ్బు అయ్యుండి కూడా. అందుకే నాకు వసతీ తిండీ చూసుకునే సంస్థలంటే గౌరవం. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్ళు 2006 నుంచి చేస్తున్నది అదే, వైద్యం నడిచినంతకాలం పిల్లాడికీ తల్లిదండ్రులకీ ఉచితంగా ఒక గది. నువ్వు ఎవరిని ఎంచుకున్నా ముందు వెళ్ళి చూసిరా.

లెక్కలు. ఒక్క రూపాయి కూడా నీ ఫోన్‌పేకి రానివ్వకు. సంస్థ ఖాతా, సంస్థ క్యూఆర్ కోడ్ మాత్రమే పంపు. నగదు ఎవరైనా చేతిలో పెడితే అదే రోజు కట్టేసి, రశీదు ఫోటో వాళ్ళకి పంపు. పన్ను మినహాయింపు రశీదు అడుగుతారు. రెండు వేలకి మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదని, కొత్త పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకి అసలే ఉండదని ముందే చెప్పు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే కాబట్టి బ్యాంకు ద్వారా తన సొంత డబ్బు పంపొచ్చు. వదిన అక్కడి పౌరసత్వం తీసుకుంది కదా, ఆమె ఇస్తే చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, దానికోసం విడిగా ఉండే ఖాతాలోకే వెళ్ళాలి. సంస్థవాళ్ళని అడిగి తెలుసుకో. ఒక నోటుపుస్తకం పెట్టు. పేరు, తేదీ, మొత్తం, రశీదు వెళ్ళిందా, థాంక్స్ చెప్పావా. మా వీధి కూరగాయలామె యాభై ఇచ్చింది, ఆమె పేరు నా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. పరుగయ్యాక మొత్తం ఎంతయిందో ఆమెకీ వెళ్ళి చెప్పాను.

నువ్వు అడగడం మొదలుపెట్టాక జనం తమ సంగతులు నీకు చెబుతారు. లిఫ్టులో, బస్టాపులో, అర్ధరాత్రి మెసేజ్‌లో. మా నాన్నకి ఇలాగే, మా అక్కకి ఇలాగే అని. కొందరు పసరు మందుల పేర్లు చెబుతారు. వాళ్ళతో వాదించకు, నీ పరుగుకీ దానికీ సంబంధం లేదు. కానీ ఎవరైనా "నాకూ ఒక గడ్డ తగులుతోంది, నొప్పేం లేదు" అంటే మాత్రం అక్కడే ఆగు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు అనుకుంటారు పాపం. ఆ వారంలోనే డాక్టరుకి చూపించుకోమను, తోడు లేకపోతే నువ్వు వెళ్ళు. ఆ రోజు పరుగు పోయినా ఫర్వాలేదు.

పోటీ ముందు రోజు కొత్తవేవీ తినకు, కొత్త సాక్సు కూడా వేసుకోకు. ఒరుసుకునే చోటల్లా వ్యాసలీన్ రాసుకో. మొదటి మూడు కిలోమీటర్లు అందరూ నిన్ను దాటిపోతారు, పోనీ.

ఈ ఆదివారం నాలుగున్నరకి ఆర్ట్స్ కాలేజీ ముందు ఉంటాను. ఆరు కిలోమీటర్లే. అరటిపండు ఒకటి తిని రా, నోటుపుస్తకం నేను తెస్తాను. మీ అమ్మని కూడా రమ్మన్నాను, మనం తిరిగొచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటానంది.

ప్రేమతో,
పెద్దమ్మ