స్క్రూలే కనపడని పాత పాకెట్ కాలిక్యులేటర్‌ని పగలకుండా విప్పడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంట్లో దొరికిన 1970ల నాటి ఎర్ర అంకెల పాకెట్ కాలిక్యులేటర్‌ కొత్త బ్యాటరీ వేసినా వెలగడం లేదు. విప్పి చూద్దామంటే వెనక ఒక్క స్క్రూ కూడా లేదు. అతుకులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే టిక్కుమని చప్పుడొచ్చింది, భయమేసి ఆపేశారు. అక్కడ ఆపి చాలా మంచి పని చేశారు.

నేను మొట్టమొదట విప్పింది మా నాన్నగారి కాలిక్యులేటర్. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలన్నీ దాని మీదే వేసుకున్నారు. ఓ రోజు అది వెలగడం మానేసింది. వెనక మూడు స్క్రూలు కనిపిస్తే తీశాను. కింది వైపు డొప్ప విడింది గానీ పైవైపు కదల్లేదు. క్లిప్పు పట్టేసిందనుకుని గట్టిగా లాగాను, మూలన ప్లాస్టిక్ పగిలింది. నాలుగో స్క్రూ మోడల్ నంబరున్న స్టిక్కర్ కింద ఉంది. ఆ బీట ఇప్పటికీ అలాగే ఉంది. నాన్నగారు ఏమీ అనలేదు, ఆ మూలను వేలితో తడిమి చూసుకున్నారంతే. తర్వాత ముప్ఫైకి పైగా పాత కాలిక్యులేటర్లు విప్పాను. డొప్ప రాకపోయిన ప్రతిసారీ కారణం బలం చాలకపోవడం కాదు, నేను చూడని పట్టు ఇంకొకటి ఎక్కడో ఉండటమే. అందుకే ఇప్పుడు విప్పడానికి పట్టే సమయంలో సగం వెతకడానికే పెడతాను.

ముందు బ్యాటరీ తీసేయండి. ఛార్జర్ ఉంటే అదీ పీకేయండి. మీది ఎర్ర అంకెలదే కాబట్టి లోపల వోల్టేజీ తక్కువే. నీలి ఆకుపచ్చ రంగులో అంకెలు వెలిగే రకమైతే ఆ గాజు డిస్‌ప్లే కోసం లోపల చిన్న సర్క్యూట్ 20 నుంచి 30 వోల్ట్‌ల దాకా తయారుచేస్తుంది. అది ప్రాణం మీదకు తెచ్చేది కాదు గానీ, బ్యాటరీ తీశాక కొన్ని నిమిషాలు ఆగి విప్పడం మంచిది. బ్యాటరీ గదిలో తెల్లటి పొడో, నీలం ఆకుపచ్చ పొక్కులో కనిపిస్తే చేతులకు గ్లోవ్స్ వేసుకోండి, నోటితో ఊదకండి. పాత నికెల్ కాడ్మియం సెల్స్ నుంచి, ఆల్కలైన్ సెల్స్ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్. అది క్షారం కనుక దూది పుల్లకు కొంచెం వెనిగర్ అద్ది తుడిస్తే విరుగుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్ళీ తుడవాలి, లేదంటే వెనిగరే లోహాన్ని తింటుంది.

ఇప్పుడు వెతుకులాట. స్క్రూలు దాక్కునే చోట్లు ఎక్కువేం లేవు. మొదట రబ్బరు కాళ్ళు చూడండి. హెచ్‌పీ-12సీ లాంటి 1981 నాటి మోడల్‌లో నాలుగు రబ్బరు కాళ్ళ కిందా స్క్రూలున్నాయి, బయటికి మాత్రం ఏమీ కనపడదు. తర్వాత బ్యాటరీ గది గోడలు, అడుగు. టార్చ్ వేసి ఏటవాలుగా చూస్తే నల్ల ప్లాస్టిక్‌లో నల్ల స్క్రూ కూడా కనపడుతుంది. ఆ తర్వాత వెనక స్టిక్కర్. దాని మీద గోరుతో మెల్లగా నొక్కుతూ పోండి. స్క్రూ గుంట ఉన్నచోట గోరు కొంచెం లోపలికి దిగుతుంది. స్టిక్కర్ తీయక ముందే ఎక్కడుందో తెలిసిపోతుంది, అంత మేరకే లేపితే సరిపోతుంది. కొన్నిటికి ముందు వైపు, డిస్‌ప్లే చుట్టూ అతికించిన పల్చటి లోహపు రేకు కింద కూడా స్క్రూలుంటాయి. అయితే ఆ రేకు ఒకసారి మడత పడితే మళ్ళీ నున్నగా రాదు కాబట్టి అక్కడికి చివరగా వెళ్ళండి.

స్టిక్కర్, కాళ్ళు లేపడానికి హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, దూరం నుంచి పది పదిహేను సెకన్లు అటూ ఇటూ ఆడించండి. జిగురు మెత్తబడ్డాక మూల నుంచి పల్చటి ప్లాస్టిక్ ముక్కతో లేపండి. వేడి డిస్‌ప్లే వైపు తగలనివ్వకండి. జిగురు పోవడానికి అసిటోన్, అంటే గోళ్ళ రంగు తుడిచే ద్రవం, అస్సలు వాడొద్దు. ఆ కాలపు డొప్పలు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్. అసిటోన్ దాన్ని కరిగించేస్తుంది.

స్క్రూలు దొరికితే స్క్రూడ్రైవర్ విషయంలో కొంచెం జాగ్రత్త. జపాన్‌లో తయారైన వాటిలో చాలావరకు జేఐఎస్ అనే ప్రమాణం ప్రకారం చేసిన స్క్రూలు. చూడటానికి మామూలు ప్లస్ తలలాగే ఉంటాయి గానీ, ఫిలిప్స్ అనే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ వేస్తే జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ మొన ఉన్నది వాడండి. గట్టిగా కిందికి నొక్కి పట్టి, మెల్లగా తిప్పండి. ఒక కాగితం మీద వెనక వైపు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే ముందు వైపు ప్లాస్టిక్ ఉబ్బి పగులుతుంది.

ఇంత వెతికినా ఒక్కటీ దొరకలేదంటే మీది క్లిప్పుల రకం. 1976లో వచ్చిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ టీఐ-30 ఇలాంటిదే. స్క్రూల్లేవు, రెండు డొప్పలూ ఒకదానిలో ఒకటి పట్టుకుని ఉంటాయి. మీకు వినిపించిన టిక్కు బహుశా ఇలాంటి క్లిప్పు ఊడిన చప్పుడే. పొడిగా, చిన్నగా టిక్కుమంటే క్లిప్పు ఊడినట్టు. కరకరమన్నా, ఆ చోట తెల్లటి గీత పడినా ప్లాస్టిక్ చిట్లుతున్నట్టు, వెంటనే ఆపాలి.

క్లిప్పులు విప్పడానికి లోహపు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి. అది ఒకే బిందువు మీద బలం పెట్టి అంచును నలిపేస్తుంది. గిటార్ పిక్ లాంటి పల్చటి ప్లాస్టిక్ ముక్కలు మూడు నాలుగు చాలు. యాభై ఏళ్ళ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, చలిలో మరీను. అందుకే ముందు గదిలో కాసేపు ఉంచి, అతుకు పొడుగునా డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేయండి. రెండు బొటనవేళ్ళతో పక్క గోడను లోపలికి నొక్కితే అతుకు వెంట్రుకవాసి తెరుచుకునే చోటు ఒకటి కనపడుతుంది. తరచుగా అది బ్యాటరీ మూత దగ్గర ఉంటుంది, అక్కడ డొప్ప బలహీనం కనుక. అక్కడ పిక్ దూర్చి, లేపకుండా, అతుకు వెంబడి జరుపుతూ వెళ్ళండి. క్లిప్పు తగిలినప్పుడు ఆగి, పిక్‌ను కొంచెం వంచండి. అది ఊడగానే ఆ చోట ఒక పిక్ వదిలేసి ఇంకోదానితో ముందుకు వెళ్ళండి, లేకపోతే మీరు ముందుకు వెళ్ళేలోపు మళ్ళీ పట్టేసుకుంటుంది. పిక్ 3 మిల్లీమీటర్ల కంటే లోపలికి పోనివ్వకండి. అంచుకు ఆనుకునే బోర్డు, తీగలు, ఒక్కోసారి గాజు ఉంటాయి. మూడు వైపులా ఊడి నాలుగో వైపు రాకపోతే లాగొద్దు. అక్కడ క్లిప్పులు కాకుండా కొక్కేలు ఉండొచ్చు. పుస్తకం తెరిచినట్టు కొంచెం ఎత్తి, ఆ వైపుకే జరిపితే జారి వస్తుంది.

మీది ఆ రకం కాదు గానీ, ఇది చదివే వేరేవాళ్ళ కోసం ఒక మాట. 1988 నాటి హెచ్‌పీ-42ఎస్ వంటి వాటిలో ప్లాస్టిక్ బొడిపెలను వేడితో కరిగించి మూసేశారు. అవి విప్పడానికి చేసినవి కావు. తెరవాలంటే ఆ బొడిపెలు తెగాల్సిందే. బ్యాటరీ కాంటాక్టులు బయటి నుంచే శుభ్రం చేసి చూడకుండా అంత దూరం వెళ్ళకండి.

డొప్ప ఊడిందని ఆనందంతో ఒక్కసారిగా ఎత్తకండి. నేను పాడుచేసిన రెండో కాలిక్యులేటర్ ఇక్కడే పోయింది. వెనక డొప్పకు అతికించిన బజర్ బిళ్ళకు వెంట్రుకంత తీగలు రెండుంటే, మూత లాగిన ఊపుకి రెండూ తెగాయి. వేలెడు ఎత్తి, టార్చ్ వేసి చూసి, తీగలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఫోటో తీసుకోండి. మొత్తం పని కాలిక్యులేటర్ బోర్లా ఉండగానే చేయాలి. బోర్డు లేపాక తిరగేస్తే బటన్లన్నీ రాలిపోతాయి. ఏది ఎక్కడిదో బొమ్మలు చూసి పెట్టడం కుదురుతుంది గానీ, గంట పని. చిప్‌లను తాకేముందు భూమికి కలిసి ఉన్న లోహపు వస్తువును ముట్టుకుంటే ఒంట్లో పేరుకున్న స్టాటిక్ కరెంటు పోతుంది.

ఎల్‌సీడీ, అంటే అంకెలు వెలగకుండా నల్లగా కనపడే రకమైతే గాజుకీ బోర్డుకీ మధ్య చారల రబ్బరు కడ్డీ ఉంటుంది. ఒక్కో నల్ల చార ఒక్కో తీగ అన్నమాట. అది అర మిల్లీమీటరు జరిగినా అంకెల్లో ముక్కలు మాయమవుతాయి. తీయకుండా పని అయ్యేటట్టయితే తీయకండి. బోర్డుకు జిగురుతో అంటించిన పల్చటి ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తే దాన్ని అసలు కదపొద్దు. ఒకసారి లేచిందంటే ఇంట్లో అతికించడం చాలా కష్టం.

లోపలికి వెళ్ళాక మీ విషయంలో మొదట చూడాల్సింది బ్యాటరీ తీగలు. కారిన రసం తీగ తొడుగు లోపలికి పాకి రాగిని నల్లగా మార్చేస్తుంది. బయటికి తీగ బాగానే ఉన్నట్టు కనపడుతుంది, కరెంటు మాత్రం పోదు. మా నాన్నగారిదాంట్లో ఉన్నది సరిగ్గా ఇదే, నాలుగంగుళాల తీగ మార్చి టంకం పెడితే వెలిగింది. తర్వాత ఆన్ ఆఫ్ స్విచ్. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి ఇరవై ముప్ఫై సార్లు అటూ ఇటూ జరపండి. ఇంకో ముఖ్యమైన సంగతి, రీఛార్జబుల్ రకమైతే బ్యాటరీ ప్యాక్ పాడై ఉండగా ఛార్జర్ ఒక్కటే గుచ్చి పరీక్షించకండి. 1975 నాటి హెచ్‌పీ-25లో ఛార్జర్ వోల్టేజీని అదుపులో ఉంచేది ఆ బ్యాటరీయే. అది సరిగా తగలకపోతే లోపలి చిప్‌లు కాలిపోతాయి, వాటికి బదులు కొత్తవి దొరకవు.

మూసేముందు, డొప్పలు ఊరికే ఆనించి ఉంచి, బ్యాటరీ వేసి ప్రతి బటన్ నొక్కి చూడండి. క్లిప్పులు ఎన్నిసార్లు తెరిచి మూస్తే అంత అరుగుతాయి. స్క్రూ బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఒకచోట చిన్నగా కిందికి దిగినట్టు తెలుస్తుంది, పాత మర అక్కడే ఉంది. అక్కణ్ణుంచి ముందుకు తిప్పితే ప్లాస్టిక్‌లో కొత్త గాడి పడదు. ఆనగానే ఆపేయండి. పగుళ్ళకు సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరి డిస్‌ప్లే మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, ఎపాక్సీ నయం. రబ్బరు కాళ్ళు మళ్ళీ అతికించడానికి పల్చటి డబుల్ సైడ్ టేప్ చాలు, గట్టి జిగురు వేయకండి. ఆ కింది స్క్రూలతో మళ్ళీ పని పడొచ్చు.