యశోద చూసినది ఏ వాస్తవం?

సందేహం: శ్రీకాళహస్తి కలంకారీ బట్ట మీద మన్ను తిన్న కృష్ణుడి బొమ్మ ఉంది. దాని ముందు ఫోను పట్టుకుంటే ఆ నోట్లో లోకాలు తిరుగుతూ కనబడేలా ఒక ప్రదర్శన తయారుచేస్తున్నాం. ఆహ్వానపత్రంలో ఆగ్మెంటెడ్ రియాలిటీని ‘వృద్ధి చేసిన వాస్తవికత’ అనీ, ఇమ్మర్సివ్ మీడియాను ‘ముంచెత్తే మాధ్యమం’ అనీ రాశాం. సరైనవేనా? ‘మిథ్యా వాస్తవం’ అంటే మేలా?
– ఒక చిత్రకళా విద్యార్థిని, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ బట్ట మీదే పోతన ఉన్నాడు. ఆయన్ని అడగకుండా నిఘంటువును అడిగారు.

ముందు ‘వృద్ధి’ సంగతి. వృద్ధికి వికృతి వడ్డి. అసలు ఏ జాతిదో వడ్డీ కూడా ఆ జాతిదే, డబ్బు మీద డబ్బు. వాస్తవానికి వృద్ధి అంటే వాస్తవమే మరికొంత పెరగాలి. మీ బట్ట పెరగదు, దాని మీదికి వేరే జాతి బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఆ ఇంగ్లీషు మాట కూడా కళాకారులు పెట్టుకున్నది కాదు. 1990ల మొదట్లో బోయింగ్ సంస్థలో, విమానాల తీగలు అమర్చే పనివాళ్లకు కంటి ముందే గుర్తులు చూపించాలని చేసిన ప్రయత్నంలో టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్ వాడిన మాట. కర్మాగారపు మాటను ముక్కకు ముక్క తెలుగు చేసి కలంకారీకి తగిలించడం ఎందుకు? ఈ కాలపు అనువాదాలకు పట్టిన జబ్బే ఇది. మాటను చూస్తారు గాని, మాట చూపించే వస్తువును చూడరు.

ఆ ‘వస్తువు’ దగ్గర కాసేపు ఆగాలి. సంస్కృతంలో వస్ ధాతువుకు ఉండడం, నివసించడం అని అర్థం. వసతి, నివాసం, వాస్తు అన్నీ ఆ ఇంటివే. (వస్త్రంలోని వస్ వేరు, అది కట్టుకోవడం.) ఒక చోట నిలిచి ఉండేది వస్తువు, దాని తత్త్వం వాస్తవం. ఈ ఆగ్మెంటెడ్ రియాలిటీ విద్యకు రోనాల్డ్ అజుమా అనే పరిశోధకుడు 1997లో మూడు లక్షణాలు చెప్పాడు. నిజమూ కల్పనా కలిసి కనబడాలి. చూసేవారి కదలికకు అప్పటికప్పుడే బదులివ్వాలి. కల్పించిన బొమ్మ పొడవు, వెడల్పు, లోతు మూడింటా నిజమైన చోటుకు అంటిపెట్టుకోవాలి. ఈ మూడోది మన వస్ ధాతువే. మీరు పక్కకు జరిగినా దగ్గరికి వెళ్లినా బొమ్మ తన చోటు వదలకూడదు. నిలిస్తే అది వస్తువులా తోస్తుంది, జారితే తెర మీది మరకే.

జారడానికి కారణం చాలాసార్లు బట్టలోనే ఉంటుంది. ఫోనుకు కృష్ణుడు తెలియడు. వెలుగునీడల తేడా గట్టిగా ఉన్న మూలలను ఏరుకుని, వాటి అమరికను గుర్తుపెట్టుకుంటుంది. కలంకారీ అంచులో ఒకే పువ్వు వరసగా వస్తుంది కనుక ఏ పువ్వు ఏదో దానికి తేలదు. అంచు వదిలేసి, కసిమి అనే నల్లరంగుతో వేసిన గీతలు దట్టంగా ఉన్న నడిమి భాగాన్నే గుర్తుగా ఇవ్వండి. ఫోనులో ఇలాంటి బొమ్మలు నిలిపే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఏఆర్‌కోర్ వాడేట్టయితే ఆ భాగం కనీసం 15 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. మొదటిసారి గుర్తుపట్టేటప్పుడు కెమెరా చట్రంలో నాలుగో వంతైనా నిండాలి. నమూనా ఫొటో రెండు వైపులా 300 పిక్సెళ్లకు తగ్గకూడదు, ఫొటో గుర్తుగా ఎంత పనికొస్తుందో చూసే వాళ్ల పరీక్షలో 100కు 75 మార్కులైనా రావడం మేలు. బట్ట అసలు వెడల్పు ఎన్ని మీటర్లో ముందే చెప్పకపోతే, ఫోను దాన్ని అంచనా కట్టుకునేలోగా బొమ్మ ఊగుతుంది. ముడత లేకుండా చట్రానికి బిగించండి. అద్దం మాత్రం వేయకండి, దీపం తళుకు పడిన చోట ఫోనుకు ఏ గుర్తూ దొరకదు.

ఇక పోతన. ‘కలయో వైష్ణవ మాయయో యితర సంకల్పార్థమో సత్యమో’ అని మొదలయ్యే మత్తేభం మీకు నోటికి వచ్చే ఉంటుంది. అందులో యశోదకు ఏడు సందేహాలు. చివరి రెండూ చూడండి: ‘యశోదాదేవిఁ గానో, పరస్థలమో’. కళ్లకు పెట్టె తగిలించుకుని వర్చువల్ రియాలిటీలోకి వెళ్లినవారికి కలిగేవి ఈ రెండే. కిందికి చూస్తే తన చేతులు కనబడవు, చుట్టూ ఉన్న చోటు తనది కాదు. కానీ యశోద అక్కడ ఆగలేదు. ‘బాలకుఁ డెంత, యీతని ముఖస్థంబై యజాండంబు’ అంది. అంటే పిల్లవాడు ఎక్కడికీ పోలేదు, తన ఎదుటే, అంత చిన్నవాడుగానే ఉన్నాడు. బ్రహ్మాండం వచ్చి ఆ ముఖంలో నిలిచింది. ‘స్థ’ అన్న ఒక్క అక్షరంలో అజుమా మూడో లక్షణం ఉంది. పరస్థలం ఒక విద్య, ముఖస్థం ఇంకొకటి. ఇంత స్పష్టమైన విభజన మన చేతిలో ఉండగా రెండింటినీ ‘మిథ్య’ అనే ఒక్క మూటలో కట్టడం నాకు బాధగా ఉంది. మిథ్య అంటే అబద్ధం, మీ బట్ట అబద్ధం కాదు. కనికట్టు, గారడి కూడా వద్దు, వాటిలో మోసం వాసన ఉంది.

మీ కలంకారీలోనే ఇంకో సాక్ష్యం ఉంది. ఎరుపు రావలసిన చోట పటికనీళ్లు పూస్తారు. అప్పటికి అక్కడ రంగేమీ ఉండదు. ఎర్రరంగులో ఉడికించాక పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. కనబడని గుర్తు, దానికి తోడుగా వచ్చి నిలిచే రంగు. అందుకే నాకు ‘తోడుబొమ్మ’ అన్న మాట మీద మనసు పోతోంది. పాలలో వేసే తోడూ, మనిషికి ఉండే తోడూ అదే మాట. బావిలో నీళ్లు తోడడం వేరు. అయితే వ్యాసాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఆనుతుందో లేదో గట్టిగా చెప్పలేను. ఆహ్వానపత్రంలో ఒకసారి ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అని రాసి, ఆ తర్వాత తోడుబొమ్మ అనండి.

‘ముంచెత్తే’ మాత్రం కొట్టేయండి. ముంచెత్తేది స్వర్ణముఖి వరద, కొంప ముంచేది అప్పు. చూసేవారు లీనమవుతారు కనుక ‘లీనదృశ్యం’ అనవచ్చు. గది నాలుగు గోడల మీదా బొమ్మలు పడే ప్రదర్శనకైతే అంత బరువైన మాట కూడా అక్కరలేదు, ‘చుట్టుబొమ్మ’ చాలు.