బైబిల్ కథలను సీరియల్‌గా తీస్తే మంచివాళ్ల పాత్రలు ఎందుకంత చప్పగా ఉంటాయి? వాటిని ఆసక్తిగా రాయడం ఎలా?

మూడేళ్ల కిందట ఓ చిన్న ఛానల్ వాళ్లకు యోసేపు కథ రాశాను. పదమూడు ఎపిసోడ్లు. డబ్బులు పదకొండుకే వచ్చాయి, ఆ సంగతి వదిలేద్దాం.

మంచివాడి పాత్ర పుట్టుకతో చప్పగా ఉండదు. ఎవరైనా ఏమన్నా అంటారేమోనని మనమే ఉప్పు తీసేస్తాం. హరిశ్చంద్రుడి కంటే మంచివాడు ఎవడుంటాడు? అయినా కాటి సీను కోసం మన ఊళ్లలో జనం తెల్లారేదాకా కదలకుండా కూర్చునేవాళ్లు. కొడుకు శవంతో వచ్చిన భార్యను కాటి సుంకం అడగాలి. అడగకపోతే మాట తప్పినవాడవుతాడు, అడిగితే వాడసలు మనిషేనా అనిపిస్తుంది. ఆ నలుగుడు చూడ్డానికే జనం వస్తారు. ఆయన మంచివాడని వాళ్లకు ముందే తెలుసు.

యోసేపుదీ అలాంటి కథే. పదిహేడేళ్ల కుర్రాణ్ని సొంత అన్నలే ఇరవై తులాల వెండికి అమ్మేశారు. ఏళ్లు గడిచాక కరువొచ్చి వాళ్లే ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, ధాన్యం కొనుక్కోవడానికి వచ్చారు. అక్కడ అధికారి ఇతనే. వాళ్లు గుర్తుపట్టలేదు, ఇతను పట్టాడు. అప్పుడేం చేశాడు? మీరు వేగులవాళ్లు అన్నాడు. మూడు రోజులు కావల్లో పెట్టాడు. షిమ్యోనును బంధించి ఉంచుకుని, మీ తమ్ముణ్ని తీసుకురండి అని మిగతావాళ్లను పంపాడు. వాళ్ల భాష తనకు రానట్టు మధ్యలో ద్విభాషిని పెట్టుకున్నాడు. ఇంతకంటే మంచి స్క్రీన్‌ప్లే ఎవడు రాస్తాడు?

కానీ స్క్రిప్టు చూడ్డానికి ఛానల్ వాళ్లు ఓ పాస్టరుగారిని పెట్టారు. పెద్దాయన, నెమ్మదస్తుడు. “బ్రదర్, యోసేపు యేసు ప్రభువుకు సాదృశ్యం. ఇలా పగబట్టినట్టు చూపిస్తే విశ్వాసులు బాధపడతారు” అన్నారు. బైబిల్లో ఈ కథ ఉన్న ఆదికాండం 42వ అధ్యాయం తీసి చూపించాను. “కఠినంగా మాట్లాడాడనే ఉంది కదా అయ్యగారూ.” ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, “ఉందిలెండి. కానీ ప్రేమతో కూడిన కఠినం” అన్నారు. ఆ ఎక్స్‌ప్రెషన్ ఎలా ఇవ్వాలో మా హీరోకి ఆఖరిదాకా తెలియలేదు.

నేను పట్టుబట్టి నిలబెట్టుకున్న సీను ఒక్కటే. 43వ అధ్యాయంలో బెన్యామీను వస్తాడు. సొంత తల్లి కన్న తమ్ముడు. యోసేపుకు దుఃఖం ఆగదు. గబగబా లోపలి గదిలోకి వెళ్లి ఏడుస్తాడు. మొహం కడుక్కుంటాడు. బయటికొచ్చి తమాయించుకుని, భోజనం వడ్డించండి అంటాడు. అంతే, అక్కడ డైలాగు అక్కర్లేదు.

ఈ మనిషి నాకు బాగా తెలుసు. మా అక్క పెళ్లి చిక్కడపల్లిలో ఓ ఫంక్షన్ హాల్లో అయింది. అప్పగింతలప్పుడు నాన్న కనపడలేదు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే గిన్నెలు తోమే కుళాయి దగ్గర గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నన్ను చూడలేదు. దోసిట్లో నీళ్లు పట్టి మొహాన కొట్టుకుని, కండువాతో తుడుచుకుని, నేరుగా వంటవాళ్ల దగ్గరికెళ్లి “రెండో బంతికి ఇంకా ఎంతసేపయ్యా?” అని కేకలేశాడు. చొక్కా ముందంతా తడిసి ఉంది. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

కొంపల్లి దాటాక ఓ రేకుల షెడ్డులో షూటింగు. మే నెల. హీరోకి కృష్ణానగర్ నుంచి అద్దెకు తెచ్చిన గడ్డం, గమ్‌తో అంటించారు. చెంబు ఎత్తి మొహాన నీళ్లు కొట్టుకోగానే కుడివైపు సగం ఊడి మెడ మీదికి జారింది. లైట్‌మ్యాన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నిజానికి యోసేపుకు అక్కడ గడ్డమే ఉండకూడదు. ఐగుప్తు రాజు ఫరో ముందుకు వెళ్లేముందు క్షౌరం చేయించుకున్నాడని 41వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ఐగుప్తు వేషంలో నున్నటి మొహంతో ఉన్నాడు కాబట్టి కూడా అన్నలు గుర్తుపట్టలేదని నా నమ్మకం. ఇదంతా మేనేజరుకు చెప్పాను. “గడ్డం లేకపోతే బైబిల్ సీరియలని ఎవడు అనుకుంటాడు సార్?” అన్నాడు. చివరికి వీపు వైపు నుంచి తీశారు. నీళ్ల చప్పుడు డబ్బింగులో కలిపారు.

భాష గోల వేరే. “నీవు నన్ను ఎరుగుదువా” అని రాస్తేనే భక్తి, “నన్ను గుర్తుపట్టావా” అంటే సినిమా అట! యోసేపును వలలో వేసుకోవాలని చూసిన యజమాని భార్యకు, అదే పోతీఫరు భార్యకు మాత్రం ఏం రాసినా అభ్యంతరం లేదు. మంచి చీరలూ మంచి డైలాగులూ ఆవిడకే. చెడ్డవాళ్లకున్న ఈ స్వేచ్ఛలో సగం మంచివాళ్లకిచ్చినా మీరు ఈ ప్రశ్న అడిగి ఉండేవారు కాదు.

ఆ భోజనం సీనులో ఇంకోటి కూడా ఉంది. యోసేపుకు వేరే, అన్నలకు వేరే, ఐగుప్తీయులకు వేరే వడ్డిస్తారు. హెబ్రీయులతో, అంటే యోసేపు జాతివాళ్లతో, కలిసి తినడం ఐగుప్తీయులకు అసహ్యం. అంత పదవిలో ఉన్నా యోసేపు ఒక్కడే కూర్చుని తింటూ తమ్ముణ్ని దూరం నుంచి చూస్తున్నాడన్నమాట. మన దగ్గర ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మూడు బల్లలు అడిగాను. ప్రొడక్షన్ కుర్రాడు బడ్జెట్ లేదన్నాడు. అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫ్లూట్ వేసి, ఎపిసోడ్ ముగించారు.